మొదటి మాట అందించేవాడు

గొడుగులు బాగుచేసుకునే మనిషి ఒక నాటకాల దర్శకుడి నోరు మూయించడం నేను కళ్ళారా చూశాను. అరిచి కాదు, చెయ్యెత్తి కాదు. ఒకే ఒక్క ప్రశ్న వేసి.

దర్శకుడు కొత్తగా వచ్చినవాడు. గడ్డం ఉంది, మెడ చుట్టూ మఫ్లరు ఉంది. మండుటెండలో కూడా ఆ మఫ్లరు తీయడు. మా నాటకంలో మతి చలించే ఇల్లాలి పాత్రను మార్చేస్తానని కంకణం కట్టుకున్నాడు. "ఇక్కడ జుట్టు విరబోసుకోవాలి. గుడ్లు తిప్పాలి. ఒక్క కేక పెడితే వెనక వరసల్లో వాళ్ళు కుర్చీల్లోంచి లేవాలి" అని స్టేజీ మధ్యన నిలబడి ఆ కేకేదో తానే పెట్టి చూపించాడు. ఆ కేకకు నా సూది నా వేల్లోనే దిగింది. నేను పక్కతెర దగ్గర కూర్చుని పాత కోటుకు గుండీలు కుడుతున్నాను.

ఎడమ పక్కన తెరచాటున స్టూలు మీద కూర్చున్న మనిషి మెల్లగా పుస్తకం మూశాడు.

"అది దయ్యం పట్టినవాళ్ళు చేసే పని బాబూ. తప్పు చేసినవాళ్ళు అలా చెయ్యరు" అన్నాడు.

"మీరు ప్రాంప్టరు కదండీ? మాటలు అందించండి, చాలు" అన్నాడు దర్శకుడు.

"అదే చేస్తున్నాను. ఇవీ మాటలే."

అందరూ కిసుక్కుమన్నారు. దర్శకుడి ముఖం కందగడ్డ అయింది. "అయితే తప్పు చేసినవాళ్ళకు మతి ఎలా పోతుందో తమరే సెలవివ్వండి" అన్నాడు వెటకారంగా.

"సెలవివ్వడానికి నేనెంతవాణ్ణి! ఒక్క సంగతి అడుగుతాను. పొద్దున వచ్చేటప్పుడు ఇంటికి తాళం వేశారా?"

"వేశాను."

"వేశాక లాగి చూశారా?"

దర్శకుడు నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. "చూశాను. చూసే ఉంటాను. అయినా దాని గొడవ ఇప్పుడెందుకు?"

"ఎందుకూ లేదు. రిహార్సలు కానివ్వండి."

కానిచ్చారు. ఐదు నిమిషాలకు దర్శకుడు జేబులో తాళంచెవి తడుముకున్నాడు. పది నిమిషాలకు కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. పావుగంటకు "ఒక్క క్షణం" అంటూ ఫోను తీసి గోడవైపు తిరిగాడు. "పిన్నిగారూ, కాస్త మా తలుపు లాగి చూస్తారా? ... పడే ఉందా? ... గట్టిగా లాగారా?" అన్నాడు. గొంతు తగ్గించాననే అనుకున్నాడు గాని హాల్లో అందరమూ విన్నాం.

ఫోను పెట్టి వెనక్కి తిరిగేసరికి ప్రాంప్టరు చిన్నగా నవ్వాడు. "తాళం పడే ఉందని చెప్పాక కూడా గట్టిగా లాగారా అని అడిగారు చూడండి, అక్కడ మొదలవుతుంది. జుట్టుకీ దానికీ సంబంధం లేదు. వేసిన తాళానికే ఇంత తంటా అయితే, వెయ్యకూడని తాళం వేసిన మనిషి సంగతి చూసుకోండి."

దర్శకుడు అభిమానం ఉన్నవాడే గాని మూర్ఖుడు కాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "కేక తీసేద్దాం" అన్నాడు.

అలా గెలిచాడు మా గుసగుస. అసలు పేరు వేరే ఉంది గాని దానితో పిలిస్తే వాడే పలకడు. నాకంటే రెండేళ్ళు చిన్న. నన్ను అక్కా అంటాడు, నేను ఏరా అంటాను. మాకు చుట్టరికం లేదు. పాతికేళ్ళు ఒకే హాల్లో దుమ్ము పీల్చాం, ఆ మాత్రం చాలు.

మా నాటకాల హాలుకు బయటవైపు ఇనుప మెట్లున్నాయి. ఆ మెట్ల కిందే వాడి కొట్టు. రెండు గొడుగులు పక్కపక్కన తెరిస్తే మూడోదానికి చోటుండదు. విరిగిన ఊచలు ఒక డబ్బాలో, పిడులు ఒక డబ్బాలో, నల్లగుడ్డ ముక్కలు ఒక సంచిలో. వానాకాలంలో తల ఎత్తడానికి తీరిక ఉండదు, ఎండాకాలంలో ఈగలు తోలుకుంటూ నాటకం పుస్తకం చదువుకుంటాడు. సాయంత్రం ఆరుకు కొట్టు కట్టేసి, అరచేతుల జిగురు గీక్కుని, లోపలికొచ్చి ఎడమపక్క స్టూలు ఎక్కుతాడు. ఇన్నేళ్ళు తెరచాటున మెల్లగా మాట్లాడి మాట్లాడి వాడి గొంతు అలాగే బిగుసుకుపోయింది. కూరగాయలవాడితో బేరమాడినా గుసగుసే. వాడి పెళ్ళాం, నా మరదలు, "ఈయన నాతో పోట్లాడుతున్నాడో ముద్దు చేస్తున్నాడో దగ్గరికెళ్ళి వింటే గాని తెలీదు వదినా" అంటుంది.

నేను ఆ హాల్లో బట్టల గది మనిషిని. కుట్టడం, ఉతకడం, ఇస్త్రీ. చదివింది మూడో తరగతి. కాని మేము ఆడే ఆ వరద నాటకం మొదటి మాట నుంచి చివరి మాట దాకా నాకు కంఠతా వచ్చు. సూది చేతిలో ఉంటే చెవులు ఖాళీయే కదా. పుస్తకాలు చదివి దాని గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్ళు చాలామంది వచ్చారు. వాళ్ళలో ఒక్కరికీ ఒక్క గుండీ కుట్టడం రాదు.

ఆ నాటకం కథ చెప్పకపోతే గుసగుస కథ మీకు అర్థం కాదు. చాలా పాతది. రాసినాయన మా తాతల కాలంలోనే పోయాడు. ఒక పెద్ద ఇల్లు. అందులో అన్న, వదిన, మరిది. ఏరు పొంగుతుంది. మరిది వాడవాళ్ళందరినీ మెరక మీదికి చేర్చి, తడిసి ముద్దయి, ఇంటికొచ్చి తలుపు కొడతాడు. తలుపు తీస్తే నీళ్ళు లోపలికొస్తాయంటాడు అన్న. ఆ ఒక్క సాకే పైకి చెబుతాడు. తమ్ముడు లేకపోతే ఇల్లంతా తమదేనన్న ఆలోచన మొగుడూ పెళ్ళాలిద్దరి కడుపులోనూ ఉంది, ఎవరూ బయటపెట్టరు. వదిన చెయ్యి గడియ మీదే ఉంటుంది. గడియ తీయదు. కొంతసేపటికి చప్పుడు ఆగిపోతుంది.

అక్కడి నుంచి ఇద్దరికీ మతి పోవడమే మిగతా నాటకం. ఆవిడ తలుపులు తీసుకుంటూ పోతుంది. గదుల తలుపులు, బీరువా తలుపులు, ఆఖరికి ఉప్పుడబ్బా మూత. ఆయన మూసుకుంటూ పోతాడు. కిటికీలు, పెట్టెలు, లెక్కల పుస్తకాలు, ఆఖరికి తన నోరు. పెళ్ళాం తీసినవి మొగుడు మూస్తాడు, మొగుడు మూసినవి పెళ్ళాం తీస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నేను పడీపడీ నవ్వాను. రెండోసారి నవ్వు రాలేదు. తప్పు ఇద్దరిదీ ఒకటే. పిచ్చి మాత్రం ఎవరి కొలతకు వాళ్ళకు విడివిడిగా కుట్టినట్టు ఉంటుంది. ఒకరిది ఇంకొకరికి పట్టదు.

ఆ ఇల్లాలి వేషం మొదటి నుంచీ పెద్దక్కదే. నాకంటే నాలుగేళ్ళు చిన్నది, అయినా మా నాటకాల సంఘంలో అందరికీ పెద్దక్కే. వయసు చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం అందరికీ చెల్లెలు. గొప్ప నటి, ఆ మాట నా అంతటిదాన్ని నేనే అంటున్నాను. మూడో అంకంలో ఆవిడకు పద్నాలుగు వరుసల మాటలున్నాయి. చేసిన పని మొదటిసారి నోరు విడిచి ఒప్పుకునే చోటు. "వచ్చావా?" అని మొదలవుతాయి.

ఇప్పుడు మా సంఘం పద్ధతి ఒకటి చెప్పాలి. ఎంత కంఠతా వచ్చినా సరే, పెద్ద ప్రసంగం ఎవరూ వాళ్ళంతట వాళ్ళు మొదలుపెట్టకూడదు. స్టూలు మీంచి మొదటి మాట రావాలి, అప్పుడే నోరు తెరవాలి. సంఘం పెట్టిన పెద్దాయన తొందరపడి ఎదుటివాళ్ళ మాటలు మింగేసేవాడట. ఆయనకు కళ్ళెం వెయ్యడానికి పెట్టిన కట్టుబాటు ఆయన పోయాకా ఉండిపోయింది. "మొదటి మాట నీది, మిగతావి నావి" అని స్టేజీ ఎక్కేముందు ప్రాంప్టరుతో అని వెళ్ళడం అలవాటు. పెద్దక్క కూడా అలాగే అని వెళ్ళేది.

పన్నెండేళ్ళ కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం ఆట. హాలు నిండిపోయింది. మూడో అంకం. పెద్దక్క స్టేజీ మధ్యకు వచ్చి నిలబడింది. నేను కుడిపక్క తెరచాటున నల్ల శాలువా పట్టుకుని ఉన్నాను. "వచ్చావా?" రావాలి. రాలేదు. పెద్దక్క ఎడమవైపు కాస్త తల తిప్పింది. ఏమీ లేదు. నా చేతుల్లో శాలువా చెమటకు తడిసింది. ఎంతసేపని చెప్పను, అలాంటప్పుడు గడియారం కూడా మనకేసి చూస్తూ ఆగిపోతుంది.

అప్పుడు పెద్దక్క కదిలింది. మెల్లగా వెళ్ళి ఒక తలుపు తీసింది. బయటికి చూసింది. ఎవరూ లేరు. రెండో తలుపు తీసింది. ఎవరూ లేరు. మా సెట్టులో ఐదు తలుపులు. ఐదూ తీసింది. ఒక్క మాట లేదు. ఐదోదాని ముందు నిలబడి, చెయ్యి ఇంకా గడియ మీదే ఉంచి, జనం వైపు తిరిగింది. ఒక్కరు దగ్గలేదు. తెర పడ్డాక ఒక్కసారిగా చప్పట్లు. పైకప్పు రేకులు కదిలాయంటే నమ్మండి. మర్నాడు పేపర్లో రాశారు, తప్పుకు మాటలుండవని ఈ నటి చూపించిందని. అప్పటి దర్శకుడు ఆ మౌనాన్నే నాటకంలో ఖాయం చేసేశాడు. ఆ పద్నాలుగు వరుసలు మళ్ళీ ఎవరి నోటా రాలేదు.

ఆ తర్వాతే ఇద్దరు మనుషులు మారిపోయారు. రెండింటికీ లంకె ఉందని నాకు పన్నెండేళ్ళు తట్టలేదు. తట్టలేదని ఒప్పుకుంటున్నాను, మళ్ళీ అడగకండి.

పెద్దక్క ఎడమ చెవి పనిచెయ్యడం మానేసిందంది. బస్సులో ఎడమపక్కకు కిటికీ వచ్చేలా కూర్చుంటుంది. ఫోను కుడిచెవికే. ఎవరైనా ఎడమపక్క నుంచి పలకరిస్తే చుట్టూ తిరిగి కుడిపక్కకు రమ్మని సైగ చేస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళవే అంటే, "డాక్టరు చెబితే నిజమైపోతుంది సూదమ్మా" అంటుంది. సూదమ్మ అంటే నేనే. కొత్త నాటకాలు ఎన్ని తెచ్చినా వద్దంది. "మొదటి మాట వినపడనిదానికి కొత్త వేషమేమిటి? తలుపులు తీసే ఈ ఒక్కటీ చాలు, ఇందులో చెవితో పని లేదు" అనేది. నాకు మాత్రం అది ఒట్టి హొయలు అనిపించేది. ఎందుకంటే ఒకసారి ఆవిడ ఎడమపక్కన మోకాళ్ళ మీద కూర్చుని కొలత తీస్తూ, "నడుము రెండంగుళాలు పెరిగింది" అని నాలో నేను గొణుక్కుంటే, "ఒకటిన్నరే!" అని కస్సుమంది.

గుసగుస ఇంకో రకంగా మారాడు. కలిసి ఉన్నది ఏది కనబడినా విడదీస్తాడు. ఒకదాంట్లో ఒకటి పెట్టిన టీ గ్లాసులు విడివిడిగా పేర్చుతాడు. దొంతరగా పెట్టిన కుర్చీలు దించేస్తాడు. పేపరు చదవడానికి ముందు ప్రతి పేజీ ఊది చూస్తాడు. నేను మడతపెట్టిన బట్టల మడతల్లో వేలు పెట్టి చూస్తుంటే చేతి మీద స్కేలుతో ఒక్కటిచ్చాను కూడా. మరదలు అయితే ఒకరోజు నా దగ్గర కూర్చుని లబోదిబోమంది. "ఇంట్లో రెండు కంచాలు ఒకదాని మీద ఒకటి ఉండనివ్వడు వదినా! అన్నీ గోడకు ఆనించి వరసగా నిలబెడతాడు. వంటింట్లోకి వెళ్తే కంచాలు నాకు సలాం కొడుతున్నట్టుంటుంది!" ఇద్దరం కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుకున్నాం. నవ్వేసి ఊరుకున్నాను చూడండి, అదీ నా తెలివి.

ఈ ఏడు వరద నాటకం తొంభై ఎనిమిదో ఆట అయ్యాక టీ తాగుతూ పెద్దక్క చెప్పింది. "నూరో ఆటతో సరి. ఆ తర్వాత నేను ముఖానికి రంగు వేసుకోను."

మఫ్లరు దర్శకుడు కప్పు కింద పెట్టేశాడు. ఆవిడ కోసమే ఒక కొత్త నాటకం రాయించి తెచ్చాడు. పడవ నడిపే ముసలమ్మ కథ. నేను రెండు పేజీలు విన్నాను, నాకే నవ్వలేక కడుపు చెక్కలైంది. "పెద్దక్కా, మీరు కాకపోతే ఆ ముసలమ్మ నీళ్ళలో మునిగినట్టే" అని బతిమాలాడు.

"మునగనివ్వు నాయనా. చెవిటిదాన్ని పడవెక్కిస్తే ఎలాగూ మునుగుతుంది" అని నవ్వింది ఆవిడ. ఆ నవ్వు పళ్ళదే, కళ్ళది కాదు.

అప్పుడే గ్లాసు పగిలిన చప్పుడు. గుసగుస టీ గ్లాసులు విడదీస్తున్నాడు. చేతిలోంచి జారిపోయింది. వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. పెద్దక్క ఎడమ చెవినే చూస్తున్నాడు.

ఆ చూపు నాకు తెలుసు. మూడో అంకంలో మొగుడు మూసిన తలుపు కేసి అలాగే చూస్తాడు. తీసేది ఒకరు, మూసేది ఒకరు. వీడు విడదీసేవాడు! అప్పుడు వెలిగింది నా బుర్రలో దీపం. విడదీస్తున్నాడంటే ఎక్కడో ఏదో అంటించాడన్నమాట.

తిన్నగా మెట్ల కిందికి వెళ్ళాను. వాడు ఒక పాడైన గొడుగును తెరుస్తూ మూస్తూ కూర్చున్నాడు.

"ఏమంటించావురా?" అన్నాను.

వాడు కొట్టు మూలన నూనెగుడ్డలో చుట్టిన నాటకం పుస్తకం తీశాడు. చేతిరాత ప్రతి అది. మూడో అంకం దగ్గర తెరిచి నా ముందు పెట్టాడు. రెండు పేజీలు ముఖాముఖీ అంటుకుపోయి ఒక్క అట్టలా ఉన్నాయి.

"ఆ ఆదివారం ముందురోజు అంచులు చిరిగాయని బాగుచేశానక్కా. గొడుగు జిగురుతో. వానకు కూడా ఊడదు కదా అని" అన్నాడు. "స్టూలు మీద పేజీ తిప్పితే మాటలు లేవు. గోళ్ళతో గీకాను. ఊదాను. రాలేదు."

"నీకు కంఠతా వచ్చు కదరా!"

"పుస్తకం చేతిలో ఉంటే నా బుర్ర పుస్తకంలోకి వెళ్ళిపోతుందక్కా. ఆ క్షణాన నా పేరు అడిగినా పేజీల్లోనే వెతికేవాణ్ణి."

"సరే, పొరపాటు. ఎవరికి జరగదు? ఆవిడతో చెప్పలేదెందుకు?"

వాడు చాలాసేపు గొడుగు ఊచ సవరించాడు. "ఆట అయ్యాక వచ్చి అడిగింది. మాట అందించావా అని. చుట్టూ జనం. నోట్లోంచి వచ్చేసింది. అందించానమ్మా, రెండుసార్లు అందించాను అన్నాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకుంది, అంతే. అప్పటి నుంచి ఆవిడ చెవి నా దగ్గరే ఉందక్కా. ఇచ్చేయడం చేతకాలేదు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తిట్టాల్సినవన్నీ తిట్టాను. అవి ఇక్కడ రాయను, అచ్చువేసేవాళ్ళు ఒప్పుకోరు. అంతా విని అన్నాడు వాడు, "పోనీ చెబుతాననుకో. ఆ మౌనం ఆవిడ గొప్పదనమని పేపర్లో రాశారు. అదంతా ఒట్టి జిగురు అని చెప్పి ఆ గొప్ప కూడా లాక్కోమంటావా?"

"జిగురు పట్టుకున్నది రెండు కాగితాల్ని. లేచి వెళ్ళి ఐదు తలుపులు తీసింది నీ జిగురా?"

వాడు తలెత్తాడు.

"ఇన్నేళ్ళూ నోరు మూసుకుని ఆ నాటకంలో మొగుడి వేషం కట్టావు. ఇక చాలు, వేషం తీసెయ్. నడు" అన్నాను. చేతికి పుస్తకం ఇచ్చి, రెక్క పట్టుకుని నడిపించాను.

పెద్దక్క అద్దం ముందు కూర్చుని సవరం పిన్నులు తీసుకుంటోంది. వాడు లోపలికెళ్ళి ఎప్పటి అలవాటు చొప్పున ఆవిడ ఎడమపక్కనే నిలబడ్డాడు. కుడిపక్కకు వెళ్ళరా అని నేను సైగ చేశాను. వాడికి నేను కనిపించే స్థితి లేదు. నోరు తెరిచాడు. మామూలుగా వచ్చే గుసగుసలో కూడా సగమే వచ్చింది. నేను గుమ్మంలోనే ఉన్నాను, నాకే ముక్క వినపడలేదు. జిగురు నుంచి అబద్ధం దాకా అంతా ఆ ఎడమ చెవి పక్కనే చెప్పుకున్నాడు.

పెద్దక్క అద్దంలోంచి కళ్ళు తిప్పలేదు. చేతిలో పిన్ను చేతిలోనే ఉంది.

"గొడుగు జిగురా?" అంది.

నేనిక ఆగలేకపోయాను. "అమ్మా తల్లీ, ఇప్పుడు ఏ చెవితో విన్నావు?"

ఆవిడ చెయ్యి మెల్లగా పైకి లేచి ఎడమ చెవిని తాకింది. కొత్త కమ్మ పెట్టుకున్నప్పుడు తడుముకున్నట్టు తడుముకుంది. తర్వాత కుడిచెవిలో వేలు గట్టిగా పెట్టుకుంది. "ఇంకోటి చెప్పు" అంది.

గుసగుస మళ్ళీ ఏదో అన్నాడు.

"ఏమిటీ? ప్రతి ఆటలో ఒకటో తలుపు వదిలేసి రెండోది ముందు తీస్తున్నానా? పన్నెండేళ్ళుగా చూస్తూ ఊరుకున్నావా!" అని గయ్యిమంది. అని, ఆ మాట ఎలా వినబడిందో గుర్తొచ్చి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తర్వాత జరిగింది చెబుతాను, మీరు నవ్వుకోండి. ముందు కోపం వచ్చింది. రాదా మరి! "పన్నెండేళ్ళు గోడలకూ కిటికీలకూ చెవి ఆనించి బతికానయ్యా! ఎన్ని వేషాలు వదులుకున్నాను! ఆ న్యాయవాది వేషం, ఆ కవలల తల్లి వేషం! మా ఆడపడుచు నా ఎడమపక్కన కూర్చుని నన్ను ఎన్నెన్ని మాటలందో! అన్నీ వినబడేవి, నా భ్రమ అనుకుని ఊరుకున్నాను!" అంటూ పౌడరు కుచ్చు తీసి ఒక్కో మాటకు ఒక్కో దెబ్బ వేసింది. వాడు కదలకుండా నిలబడి తిన్నాడు. చివరికి ముఖమంతా తెల్లగా, రెండు కళ్ళు మాత్రం నల్లగా, పిండిమరలోంచి బయటికొచ్చినవాడిలా ఉన్నాడు. ఆ తెలుపు మీద రెండు చారలు కిందికి దిగాయి. అది చూసి పెద్దక్క ఆగింది. పెదవి వణికింది. ఏడుస్తుందనుకున్నాను. పకపకా నవ్వింది. నవ్వి నవ్వి సవరం ఊడి ఒళ్ళో పడింది. వాడూ నవ్వాడు. పాతికేళ్ళలో వాడి నవ్వుకు చప్పుడుందని అప్పుడే తెలిసింది నాకు.

"శిక్ష వేస్తాను" అంది కళ్ళు తుడుచుకుని. "ఒకటి, ఆ మఫ్లరు అబ్బాయిని పిలు. పడవ ముసలమ్మను నేనే నడుపుతానని చెప్పు. రెండు, నా పద్నాలుగు వరుసలు నాకు తెచ్చి ఇవ్వు."

అవి తెచ్చి ఇవ్వాల్సింది నేనే అయింది. నా బట్టల గదిలో బల్ల మీద తడిగుడ్డ పరిచి, ఇస్త్రీపెట్టె కాల్చి పెట్టాను. బుస్సుమని ఆవిరి లేచింది. ఆ ఆవిరిలో ఆ రెండు పేజీలు అటూ ఇటూ తిప్పాను. చంటిపిల్లకు కాటుక పెట్టేటప్పుడు కూడా అంత జాగ్రత్తపడలేదు నేను. గుసగుస ఒకపక్క, పెద్దక్క ఒకపక్క, ఇద్దరూ నా భుజాల మీద పడి చూస్తున్నారు. "ఊపిరి అటు వదలండి" అని ఇద్దరినీ కసిరాను. వాన ఊడదీయలేని జిగురు ఇస్త్రీపెట్టెకు లొంగింది. మూలన మొదలై, చిన్నగా, చిరగకుండా, పేజీలు విడిపోయాయి. మేము ముగ్గురం ఒకేసారి "హమ్మయ్య" అన్నాం.

పన్నెండు వరుసలు బాగానే ఉన్నాయి. చివరి రెండింటి సిరా ఎదుటి పేజీకి అంటుకుని తలకిందులైంది. గుసగుస కళ్ళు మూసుకుని ఆ రెండూ గడగడా ఒప్పజెప్పాడు.

"ఇప్పుడెలా వచ్చాయిరా?" అన్నాను.

"ఇప్పుడు పుస్తకం నీ చేతిలో ఉందక్కా!" అన్నాడు.

మరో నాలుగు రోజులకు మరదలు ఆయాసపడుతూ నా దగ్గరికి వచ్చింది. ఏ కొంప మునిగిందోనని లేచి నిలబడ్డాను. "వదినా! నిన్న అన్నం తిన్నాక కంచం కడిగి నా కంచం మీద పెట్టాడు! పొద్దున చూస్తే అలాగే ఉంది!" అంది. ఆ ముఖం చూడాలి మీరు. పెళ్ళినాడు కూడా అంత వెలిగి ఉండదు.

నూరో ఆట ఎలా ఆడాలన్నది పెద్దక్క తేల్చేసింది. మౌనం తీసెయ్యడానికి వీల్లేదు, అది తనదే. పద్నాలుగు వరుసలు వదలడానికీ వీల్లేదు, అవీ తనవే. ముందు మాటాపలుకూ లేకుండా ఐదు తలుపులూ తీస్తుంది. ఐదోది తీశాక ఎడమవైపు చూస్తుంది. అప్పుడు మొదటి మాట రావాలి. దర్శకుడు విని, ఎగిరి గంతేసి, ఆ ఆనందంలో మఫ్లరు కూడా తీసేశాడు. మెడ బాగానే ఉంది. ఎందుకు దాచుకున్నాడో తెలీదు.

ఆటకు రెండు రోజుల ముందు గుసగుస నా గదికి వచ్చాడు. ఒక చేతిలో పుస్తకం, ఇంకో చేతిలో స్టూలు. స్టూలు తెచ్చి నా మిషను పక్కన పెట్టాడు.

"కాలు విరిగిందా? నేను బట్టలు కుడతాను, బల్లలు కాదు" అన్నాను.

"విరగలేదక్కా." పుస్తకం స్టూలు మీద పెట్టాడు. "ఈ నాటకం తొంభై తొమ్మిదిసార్లు చూశాను. ఒక్కసారి కూడా ఎదురుగా కూర్చుని చూడలేదు. ఎప్పుడూ ఆవిడ ఎడమ చెంపే. ఆ పద్నాలుగు వరుసలు ఆవిడ నోట వింటే, ఈసారి జనంలో కూర్చుని వినాలనుంది. మీ మరదలికి, నాకు రెండు టికెట్లు కొన్నాను."

"కొనుక్కో, ఎవరు కాదన్నారు? స్టూలు మీద ఎవరు కూర్చుంటారు మరి?"

వాడు స్టూలును నావైపు ఇంకాస్త జరిపాడు.

"నీకేమైనా మతి పోయిందా? నాకు కూడబలుక్కుంటే గాని అక్షరం రాదు!"

"నీకు అక్షరాలెందుకు, నాటకమంతా నోట్లోనే ఉంటే? పుస్తకం ఊరికే ఒళ్ళో పెట్టుకో, తెరవకు. నీ నోటికి అడ్డూ ఆపూ లేదని నాకు తెలుసు. అందుకే ముందే చెబుతున్నాను. ఆవిడ ఐదో తలుపు తీసేదాకా నువ్వు కిక్కురుమనకూడదు. ఎంతసేపైనా సరే. తీశాక ఎడమవైపు తిరిగి చూస్తుంది. అప్పుడు ఆవిడ చెవికి తప్ప ఇంకెవరికీ వినబడకుండా, 'వచ్చావా?' అని ఒక్క మాట అందించు అక్కా."